ముప్పావంగుళం తేడా

మా తోడికోడలికి మనుషుల మాట మీద నమ్మకం లేదు. టేపు చెబితేనే నమ్ముతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పక్కన కూర్చుని కాజాలు కుట్టి, గుండీలు వేసి, అడుగు మడతలు మడిచి ఇస్త్రీ చేస్తున్నదాన్ని కాబట్టి ఈ మాట ఊరికే అనడం లేదు. "నా నడుము ముప్పై రెండే" అని ఎవరైనా అన్నారనుకోండి, "నోరు ముప్పై రెండంటోంది, నడుం ముప్పై ఆరంటోంది, నేనెవరికి కుట్టను?" అని మొహం మీదే అడుగుతుంది. మెడలో ఎప్పుడూ పసుపు టేపు వేలాడుతుంటుంది గనక వీధిలో అందరికీ ఆవిడ టేపమ్మ. నాకు వరసకు అక్క. మా మొగుళ్లిద్దరూ అన్నదమ్ములు. వాళ్లకు ఒక్కతే చెల్లెలు, ఆ చెల్లెలికి ఒక్కతే కూతురు. ఇదంతా ఆ పిల్ల ప్యాంటుతో మొదలైంది.

పిల్లకు పన్నెండు దాటాయి. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని బంతి అని పిలిచాం. ఇప్పుడూ బొద్దుగానే ఉంటుంది. అలా పిలిస్తే మూతి ముడుచుకుంటుంది, అయినా మా నోళ్లకు ఇంకో పేరు రాదు.

మాది ఒకే గది కొట్టు. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, మూల పగిలిన నిలువుటద్దం, కొలతలకు ఒక తెర. మూడు బడుల యూనిఫారాలు మేమే కుడతాం. అక్క పనితనమంతా సర్దడంలో ఉంది. ఒక భుజం దిగినవాళ్లకు ఆ భుజంలో మెత్త పెడుతుంది. వీపు వంగినవాళ్లకు వెనక ముక్క పొడుగు కోస్తుంది. "ఒంట్లో వంకరుంటే గుడ్డలో సర్దెయ్యాలి. చూసేవాడికి తెలిస్తే ఇక మనమెందుకు?" అంటుంది. ఆ సర్దడమే మా కొంప ముంచబోయింది.

బడులు తెరిచిన మూడు నెలలకు మా ఆడపడుచు ఒక సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా కొట్టుకొచ్చింది. బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దుణ్నించీ జనంతో అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంటుంది గానీ మాతో పోట్లాడటానికి మాత్రం కొంచెం మిగుల్చుకుంటుంది. ముదురు నీలం ప్యాంటు తెచ్చి బల్ల మీద పడేసింది.

"పెద్దొదినా, ఎడమకాలు పొడుగు కుట్టావు. నేలంతా ఊడుస్తోంది."

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ప్యాంటు బల్ల మీద పరిచి కాలు మీద కాలు పెట్టి చూపించింది.

"చూడు. వెంట్రుకవాసి తేడా ఉంటే ఈ కత్తెర నీకిచ్చేస్తా."

"మరెందుకు ఊడుస్తోంది?"

"నీ కూతురు ఒంటికాలి మీద బరువేసి నిలబడుతుందేమో. నిటారుగా నిలబడమను."

"అది నిలబడేదెప్పుడు? ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటుంది. మోకాలు నొప్పంటుంది. ఆటల పీరియడొస్తే ఆ నొప్పి ఇంకా ఎక్కువవుతుంది."

అరగంట వాదించుకున్నారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అక్క ఎడమకాలు అరంగుళం పైకి మడిచి, సుద్దతో గీత గీసి, ప్యాంటు నా ఒళ్లోకి విసిరింది. నేను కుట్టాను. అక్క కొలతల పుస్తకంలో పిల్ల పేజీ తీసి, రెండు కాళ్లూ ముప్పై ఆరు అన్న అంకె కింద తేదీ వేసి "ఎడమ అర మడత" అని రాసింది. టేపు తప్ప దేన్నీ నమ్మని మనిషి ఆ రోజు పిల్లను కొలవలేదు. ప్యాంటును కొలిచింది. పక్కనున్న నాకూ ఆ బుద్ధి పుట్టలేదు.

ఆ మోకాలి సంగతి చూడమని వీధి చివరి క్లినిక్కుకు తీసుకెళ్లారు. డాక్టరు మోకాలు నొక్కాడు, వంచాడు, ఎక్స్‌రే తీయించాడు. ఎముక శుభ్రంగా ఉందన్నాడు. ఎదిగే వయసు, పైగా బరువు, తగ్గితే అదే పోతుందన్నాడు. పూతమందూ, మోకాలికి పట్టీ ఇచ్చాడు. బరువు తగ్గాలన్న ఆ మాటను ఆడపడుచు మంత్రంలా పట్టుకుంది. వాళ్లది నాలుగో అంతస్తు. లిఫ్టు ఉన్నా పిల్లను మెట్లు ఎక్కించేది, వెనక నుంచి తోస్తూ. పిల్ల కుంటుతూ ఎక్కేది. రెండో నెల మళ్లీ వెళితే మళ్లీ మోకాలి ఎక్స్‌రే, మళ్లీ శుభ్రం. దాంతో ఇంట్లో తీర్పు అయిపోయింది. పిల్ల నాటకాలాడుతోంది.

ఒకరోజు బడి వదిలాక బంతి ఒక్కతే మా కొట్టుకొచ్చింది. గడప ఎక్కడానికి తలుపు చెక్క పట్టుకుంది. మొహమంతా చెమట.

"పెద్దత్తా, ఎడమ వైపు ఇంకొంచెం సర్దెయ్యి. మళ్లీ ఊడుస్తోంది. వెనకాల పిల్లలు చీపురు, చీపురు అంటున్నారు."

"మొన్నేగా అర మడిచాను?"

"ఇంకొంచెం. అమ్మకి చెప్పకు. కావాలని ఈడ్చుకుంటూ నడుస్తున్నానని తిడుతుంది."

చెప్పకు అన్న మాటకు అక్క కరిగిపోయింది. అందరి మీదా ఒంటికాలిమీద లేచే మనిషికి ఆ పిల్ల దగ్గర మాత్రం కోపం నిలవదు. తెర వెనక ప్యాంటు విప్పించి పావంగుళం మడిచింది. నేను కుట్టాను. మళ్లీ నేనే. ఎవరికీ తెలియకుండా కుట్టమంటే ఎంత బాగా కుడతానో నాకు తెలుసు. లోపల తిప్పి చూస్తే తప్ప దారం కనపడదు.

ఇంకో రెండు నెలలకు ఆ ప్యాంటు నడుము దగ్గర బిగుతైంది. కొత్తది కుట్టించాలి. సెలవు రోజున తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. అక్క చెప్పులు విప్పించి, పిల్లను అద్దం ముందు నిలబెట్టి, నడుము నుంచి నేల దాకా టేపు వదిలింది. నేను పుస్తకం పట్టుకున్నాను.

"కుడి ముప్పై ఆరున్నర."

రాశాను.

"ఎడమ ముప్పై అయిదూ ముప్పావు."

"సరిగ్గా చూడక్కా," అన్నాను.

మళ్లీ కొలిచింది. అంతే. నా చేతిలో పుస్తకం లాక్కుని పాత అంకె చూసింది. బడి తెరిచినప్పుడు ముప్పై ఆరు ఉన్న ఎడమకాలు ఇప్పుడు పావంగుళం తక్కువుంది. కుడికాలు అరంగుళం పెరిగింది.

"ఎదిగే పిల్లకి కాలు తగ్గడమేంటే?" అంది. నన్ను అడిగిందో, టేపును అడిగిందో తెలీదు.

మోకాళ్ల మీద కూర్చుని మోకాలి చిప్ప నుంచి నేల దాకా రెండు కాళ్లూ కొలిచింది. రెండూ సమానం. అప్పుడు పాదాల వంక చూసింది. కుడి పాదం ముందుకుంది. ఎడమ పాదం గడియారంలో పదింటి ముల్లులా పక్కకు తిరిగి ఉంది. ఒంటి మీదున్న పాత ప్యాంటుకు నేను దించిన ఇస్త్రీ గీత పాదం మధ్యకు రావాల్సింది పోయి లోపలి అంచు మీద పడుతోంది. కుర్చీలో కూర్చుని కాలి మీద కాలు వేసుకోమంటే ఎడమ మోకాలు లోపలికి రాలేదు. బయటికే పడిపోతోంది.

"మోకాలు కాదు. తేడా మోకాలి పైన ఉంది. పదండి క్లినిక్కుకి," అంది అక్క.

"మూడోసారా? ఆయన నన్ను గెంటేస్తాడు ఒదినా. రెండు ఎక్స్‌రేలు తీశాడు. ఇంక దీని నాటకాలకి నేను సెలవు పెట్టలేను."

"ఈ రోజు నీకు సెలవేగా. నడు."

క్లినిక్కు రెండొందల అడుగుల దూరం. పిల్లకు కొట్లో ఉన్న వదులు పైజమా తొడిగి, పాత ప్యాంటు చేత పట్టుకుని, పిల్లను మధ్యలో పెట్టుకుని నడిపించాం. ఆ రెండొందల అడుగులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

డాక్టరు మమ్మల్ని చూడగానే నిట్టూర్చాడు. అక్క ఆయన బల్ల మీద పాత ప్యాంటు పెట్టి, లోపలి వైపు తిప్పి రెండు మడతలూ చూపించి, పక్కన కొలతల పుస్తకం తెరిచింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, మీ ప్యాంట్లు కుట్టడానికి నేను రాను. నా ఎక్స్‌రే చూడ్డానికి మీరు రాకండి. మోకాల్లో ఏమీ లేదని రెండుసార్లు చెప్పాను."

"మోకాల్లో ఏమీ లేదనే నేనూ అంటున్నాను. మోకాలి నుంచి నేల దాకా రెండూ సమానం. నడుము నుంచి మోకాలి దాకా ముప్పావంగుళం తేడా. ఆ మధ్యలో ఏముందో మీరు చూడలేదు. ఎదిగే పిల్లకి కాలు తగ్గుతుందా? తగ్గుతుందంటే చెప్పండి, వెళ్లిపోతాను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. పుస్తకం దగ్గరికి లాక్కుని తేదీలు చదివాడు. లేచి పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, ఈసారి మోకాలు ముట్టుకోకుండా తొడ పట్టుకుని కాలు పొట్ట వైపు నెమ్మదిగా వంచాడు. కాలు తిన్నగా రాలేదు. వంచేకొద్దీ పక్కకు తిరిగిపోయింది. లోపలికి తిప్పబోతే పిల్ల కెవ్వుమంది. ఆయన మొహంలో రంగు మారింది. చక్రాల కుర్చీ తానే తోసుకొచ్చాడు.

"తుంటి. నేను తుంటి చూడాల్సింది," అన్నాడు. ఆ మాట ఒప్పుకున్నందుకు ఆయన మీద నా కోపం సగం తగ్గింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది.

ఆయన పంపిన ఆస్పత్రిలో తుంటికి ముందు నుంచీ, పక్క నుంచీ ఎక్స్‌రేలు తీశారు. ఎముకల డాక్టరు చిన్న వయసు ఆవిడ, ఓపిక మాత్రం పెద్దది. తెల్ల తెర మీద చూపించింది. తొడ ఎముక పైన గుండ్రని తల ఉంటుంది. ఎదిగే పిల్లల్లో ఆ తలకూ కాడకూ మధ్య ఎముక ఇంకా గట్టిపడని మెత్తటి పొర ఉంటుంది. పదికీ పదిహేనుకీ మధ్య, పిల్లలు గబగబా ఎదిగేటప్పుడు, కొందరిలో తల ఆ పొర దగ్గర జారుతుంది. బరువున్న పిల్లల్లో ఎక్కువ, సన్నటివాళ్లకూ రాకపోదు. పిల్ల తప్పేం లేదు.

"కచ్చా కుట్టు," అంది అక్క.

"ఏంటమ్మా?"

"మేం పక్కా కుట్టు వేసే ముందు ముక్కలు కదలకుండా పొడుగు దారం వేస్తాం. దాని మీద బరువు పడితే జారిపోతుంది."

డాక్టరు తెర మీద పొర ఉన్నచోట వేలు పెట్టి, "అదే," అంది. "రేపు పొద్దున మేం పక్కా కుట్టు వేస్తాం. ఒక స్క్రూ. జారినంత జారింది, ఇక జారకుండా."

"మరి మోకాలెందుకు నొప్పి పెట్టింది?" అని అడిగాను.

"తుంటికీ మోకాలికీ నరం ఒకటే దారిలో వస్తుంది. ఫిర్యాదు తుంటిది, చిరునామా మోకాలిది. అక్కడే మా వాళ్లు కూడా పొరపాటు పడతారు."

మా ఆడపడుచు సంచీ సర్దుకుంటూ లేచింది. "సరే డాక్టరుగారూ. వచ్చేటప్పుడు నడిచే వచ్చిందిగా. ఇంటికెళ్లి, బట్టలవీ సర్దుకుని, కౌంటర్లో చెప్పి, రెండు రోజుల్లో వస్తాం."

"ఈ కుర్చీలోంచి ఈ పిల్ల కాలు నేల మీద పెట్టకూడదు. బాత్రూముకి కూడా. ఒక్క అడుగు తప్పుగా పడితే తల పూర్తిగా ఊడి జారుతుంది. దానికి రక్తం అందదు. అప్పుడు ఎముక చచ్చిపోతుంది. పన్నెండేళ్లకే తుంటి పోతుంది."

"అంటే ఒక్క పూట కూడా..."

"సర్దడం చాలించు," అంది అక్క. అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. నడవాలో నర్సు తిరిగి చూసింది. "ఆర్నెల్లుగా అందరం సర్దుతూనే ఉన్నాం. కూర్చో."

ఆడపడుచు కూర్చుంది. చిన్నప్పుడు ఆ పిల్లను కాలు కింద పెట్టనివ్వకుండా పెంచారని మేం వెక్కిరించేవాళ్లం. ఆ సాయంత్రం నిజంగానే నలుగురు పట్టుకుని మంచం మీదికి ఎత్తారు.

మర్నాడు పిల్లను లోపలికి తీసుకెళ్లాక అక్క నడవాలో బెంచీ మీద కూర్చుని పాత ప్యాంటు ఒళ్లో పెట్టుకుంది. సూదితో నా కుట్లు ఒక్కొక్కటే విప్పింది. ముందు పావు, తర్వాత అర. విప్పిన చోట గుడ్డ ముదురు నీలంగా, కొత్తగా ఉంది.

"నేనే దాచాను," అంది ఆడపడుచుతో. "రెండోసారి నీకు తెలీకుండా సర్దాను. మొదటిసారే టేపు పెట్టి ఉంటే అరంగుళం దగ్గరే దొరికేది. నాకు నా పనితనం అంటే పిచ్చి. దాన్ని తగలెయ్యా."

ఆడపడుచు విప్పిన దారాలు ఏరి పిడికిట్లో పెట్టుకుంది. తర్వాత, "నేను దాన్ని మెట్లెక్కించాను ఒదినా. రోజూ నాలుగంతస్తులు. ఏడుస్తుంటే వీపు మీద కొట్టాను," అని మొహం కప్పుకుంది. నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను. ఎవరిని ఓదార్చాలో తెలీక ప్యాంటు మడిచాను.

స్క్రూ బాగా పడింది. జారిన తలను వెనక్కి లాగలేదు గనక ముప్పావంగుళం తేడా అలాగే ఉంటుందన్నారు. ఆరు వారాలు చంక కర్రలు. రెండో తుంటికి కూడా ఇలా జరగొచ్చు, ఎదుగుదల ఆగేదాకా కనిపెట్టుకుని ఉండాలి. తొడలో గానీ గజ్జల్లో గానీ మోకాలిలో గానీ నొప్పంటే నడిపించకుండా తీసుకురావాలి.

"నేను కొలవొచ్చా?" అని అడిగింది అక్క.

డాక్టరు నవ్వింది. "కొలవండి. కానీ నేను రమ్మన్న తేదీలకి ఎక్స్‌రే మానకండి."

అప్పటినుంచి మా కొట్టులో కొత్త చాదస్తం మొదలైంది. నెల మొదటి రోజున బంతి వచ్చి అద్దం ముందు నిలబడాలి. అక్క టేపు వదలాలి, నేను రాయాలి. అంతటితో ఆగితే బాగుండేది. యూనిఫారాలకు వచ్చిన ప్రతి పిల్లనూ పిల్లాణ్నీ చెప్పులు విప్పించి గది ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపిస్తుంది. ఎవరి అడుగు మడతైనా సర్దమంటే, "ముందు డాక్టరుకి చూపించి రండి, తర్వాత కుడతాను" అంటుంది. చూపించి వచ్చినవాళ్లలో చాలామంది నిక్షేపంలా ఉన్నారని తేలింది. వాళ్లంతా వచ్చి నా మీద విరుచుకుపడ్డారు. ఇద్దరు తల్లులు వేరే కొట్టుకు మారారు. నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"పోతే పోనీ," అంది.

నాలుగు నెలలు అంకెలు కదలలేదు. కుడి ముప్పై ఆరున్నర, ఎడమ ముప్పై అయిదూ ముప్పావు. బంతి కర్రలు వదిలేసింది, కొంచెం కుంటుతూ బడికి పోతోంది. కొత్త ప్యాంటుకు ముప్పావు తేడాతో అక్కే మడత వేసింది. ఈసారి ఎర్రదారంతో, లోపల తిప్పితే కొట్టొచ్చినట్టు కనిపించేలా.

అయిదో నెల మొదటి రోజున టేపు రెండు వైపులా వదిలి అంకెలు చెప్పింది. నేను తీసివేత చేశాను.

"అక్కా, అరంగుళమే తేడా."

ఆడపడుచు గబుక్కున లేచి కూతుర్ని కావలించుకుంది. "కాలు పెరుగుతోంది ఒదినా. పెరగదన్నారు కదా, పెరుగుతోంది." నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకం మూసి, టీ పెడదామని లేచాను.

అక్క కదల్లేదు. "పుస్తకం తెరువు. విడివిడిగా చదువు."

"ఎడమ ముప్పై అయిదూ ముప్పావు."

"పోయిన నెల?"

"అంతే."

"కుడి?"

"ముప్పై ఆరుంబావు." వేలు పై వరసకు జరిపాను. "పోయిన నెల ముప్పై ఆరున్నర."

ఎడమకాలు పెరగలేదు. కుడికాలు తగ్గింది. మేం పండగ చేసుకుంటున్నది దానికి.

అక్క బంతి మొహం వంక చూసింది. ఆ పిల్ల ఒక్కతే మాలో నవ్వలేదని నాకప్పుడు తట్టింది.

"ఎప్పట్నుంచి?"

"పది రోజులు," అంది బంతి. "కుడి మోకాలు. కొంచెమే పెద్దత్తా. మీరందరూ ఇప్పుడిప్పుడే బాగున్నారు కదా అని."

అక్క తన మిషను ముందున్న కుర్చీ లాగి పిల్ల వెనక పెట్టి, భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది. మా ఆడపడుచు ఈసారి సెలవు మాట ఎత్తలేదు, సంచీ సర్దుకోలేదు. అప్పటికే ఫోను తీసి కారు పిలుస్తోంది. డ్రైవరూ మేం ముగ్గురం కలిసి పిల్లను కుర్చీతో సహా కారు తలుపు దాకా మోశాం. వీధంతా నిలబడి చూసింది.

జారడం ఇప్పుడిప్పుడే మొదలైందనీ, స్క్రూ వేస్తే కాలు దాదాపు అలాగే నిలుస్తుందనీ డాక్టరు ఆ తర్వాత చెప్పింది. కార్లో ఉన్నప్పుడు మాకది తెలీదు. సగం దారిలో బంతి నెమ్మదిగా అంది:

"పెద్దత్తా, ఇదీ ముప్పావు జారితే రెండూ సమానమవుతాయిగా. ఇంక సర్దక్కర్లేదు."

"నోర్ముయ్," అంది అక్క. పిల్ల కుడికాలు తన ఒళ్లో పెట్టుకుని, ఆస్పత్రి వచ్చేదాకా మడమ రెండు చేతుల్లో పట్టుకునే కూర్చుంది. కారు అడుక్కి కూడా తగలనివ్వలేదు.